కారువాడు చూశాడనుకోకు, ముందు టైరు చూడు

తమ్మీ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. కాజీపేటలో డ్యూటీ దిగి హసన్‌పర్తి వెళ్తుంటే, నయీంనగర్ దగ్గర ఎదురుగా వస్తున్న తెల్ల కారు ఉన్నట్టుండి యూటర్న్ కొట్టి నీ ముందుకొచ్చింది. డ్రైవర్ చేతిలో ఫోన్. నువ్వు రెండు బ్రేకులూ గట్టిగా తొక్కిపట్టావు, వెనక టైరు అటూ ఇటూ జారింది, ఎలాగో పడకుండా నిలబెట్టుకున్నావు. తర్వాత కోపం ఆగక వెంటబడి, కేయూ క్రాస్ దగ్గర వాడి సైడ్ మిర్రర్ మీద ఒక్కటిచ్చావు. నెలలో ఇది రెండోసారి అన్నావు. ఇప్పుడు నీ ప్రశ్న: లారీ హారన్ లాంటిది పెట్టించాలా, ముందర ఎల్‌ఈడీ ఫోకస్ లైట్లు బిగించాలా, సైలెన్సర్ మార్పించాలా, అసలు ఇలాంటి వాళ్లను ఏం చేయాలి? మధ్యలో ఇంకో మాట కూడా అనేసి పోయావు, లుక్ కోసం బండి అద్దాలు తీసేశానని. దాని సంగతి చివర్లో మాట్లాడతా.

నేను మెడికల్ రెప్‌ని. హనుమకొండ నుంచి పరకాల, ములుగు, నర్సంపేట, జనగామ, హుజూరాబాద్. వారం తిరిగేసరికి ఇవన్నీ బండి మీదే. ఇరవై ఏడేళ్లయింది. సీడీ 100తో మొదలుపెట్టి, స్ప్లెండర్, పల్సర్ దాటి ఇప్పుడు యూనికార్న్ దగ్గర ఆగాను. ఇన్నేళ్లలో రెండుసార్లు పడ్డాను. ఒకసారి రోడ్డు మీద ఆరబోసిన వడ్ల మీద బ్రేక్ వేశాను, అది పూర్తిగా నా తెలివితక్కువతనం. రెండోసారి కారు. నీకు చెప్పాల్సింది ఆ రెండోదే.

2011, ఎండాకాలం, పొద్దున పదకొండు. ఆత్మకూరు దగ్గర గూడెప్పాడ్ క్రాస్. నేను ములుగు వైపు పోతున్నా. ఎదురుగా ములుగు నుంచి వచ్చిన ఒక కారు, పరకాల రోడ్డులోకి తిరగడానికి మధ్యలో ఆగి ఉంది. కుడి ఇండికేటర్ కొడుతోంది. డ్రైవర్ తలెత్తి సూటిగా నా వైపు చూశాడు. కళ్లూ కళ్లూ కలిశాయనే అనుకున్నా. చూశాడు కదా, నేను పోయేదాకా ఆగుతాడని యాక్సిలరేటర్ తగ్గించలేదు. నేను పాతిక మీటర్లలో ఉండగా తిప్పేశాడు. వాడి ఎడమ మడ్‌గార్డుకు తగిలి, బానెట్ మీద పొర్లి అవతల పడ్డాను. కాలర్ బోన్ విరిగింది. బ్యాగులోని శాంపిల్స్ అన్నీ రోడ్డు మీద. ఒక ముసలాయన వాటిని ఒక్కొక్కటే ఏరి సంచిలో వేయడం ఇప్పటికీ గుర్తుంది.

ఆ డ్రైవర్ పారిపోలేదు. పక్కన కూర్చుని నీళ్లు తాగించాడు. చేతులు వణుకుతున్నాయి. "సార్, పిల్లల మీద ఒట్టు, మీరు కనబడలే" అన్నాడు. పచ్చి అబద్ధం అనుకున్నా. నా మొహంలోకి చూసి మరీ తిప్పి కనబడలేదంటాడేంది అని ఆరేళ్లపాటు వాడిని తిట్టుకున్నా.

2017లో సెకండ్ హ్యాండ్ కారు కొన్నా. నేర్చుకుని రెండు నెలలు కాలేదు. హంటర్ రోడ్డు మీదికి ఒక సందులోంచి వస్తున్నా. ఆగాను. ఎడమకు చూశాను, కుడికి చూశాను, ఎవరూ లేరు. క్లచ్ వదిలాను. చెవి పక్కనే హారన్. స్కూటీ మీద ఒక కాలేజీ అమ్మాయి, నా బంపర్‌కు జానెడు దూరంలో ఆగి ఉంది. ఆ పిల్ల నన్ను చూసిన చూపు ఉంది చూడు, సరిగ్గా 2011లో నేను ఆ డ్రైవర్‌ను చూసిన చూపు అది. నేను ఫోన్ మాట్లాడటం లేదు, తాగలేదు, తొందరలో లేను. చూశాను, చూసి మరీ కదిలాను. అయినా ఆ పిల్ల నాకు కనబడలేదు. "కనబడలేదమ్మా" అందామని నోటి దాకా వచ్చి ఆగిపోయింది. ఆ మాట వింటే ఎలా ఉంటుందో నాకు తెలుసు కదా.

ఇంటికెళ్లాక దీని గురించి వెతకడం మొదలుపెట్టాను. ఒక పరీక్ష చెప్తా, ఇప్పుడే చేసి చూడు. అద్దం ముందు నిలబడి నీ ఎడమ కన్ను చూడు, తర్వాత కుడి కన్ను చూడు, మళ్లీ ఎడమ. నీ కళ్లు కదలడం నీకు కనబడదు. పక్కన ఎవరినైనా నిలబెట్టి చూడమను, వాళ్లకు స్పష్టంగా కనబడుతుంది. చూపు ఒకచోటి నుంచి ఇంకోచోటికి గెంతే ఆ రెప్పపాటులో మెదడు బొమ్మను ఆపేస్తుంది, మధ్యలోని ఖాళీని తనే నింపేసుకుంటుంది. రోడ్డు మీద ఎడమకూ కుడికీ గబగబా తల తిప్పి చూసేవాడికి మధ్యలో అలాంటి ఖాళీలు నాలుగైదు ఉంటాయి. కారో బస్సో అయితే ఆ ఖాళీలో పట్టదు. బండి పడుతుంది.

రెండోది ముందు అద్దానికీ డోర్ అద్దానికీ మధ్య ఉండే స్తంభం. మన కార్లలో డ్రైవర్ కుడివైపు కూర్చుంటాడు కాబట్టి కుడి స్తంభం మొహానికి మరీ దగ్గర. ఒక కన్ను మూసి బొటనవేలు కంటికి జానెడు దూరంలో పెట్టి చూడు, వీధి చివర నిలబెట్టిన బండి మొత్తం దాని వెనక దాక్కుంటుంది. కారు ఆగి ఉన్నప్పుడు డ్రైవర్ తల కొంచెం ముందుకు వంచితే సరిపోతుంది. కారూ బండీ రెండూ కదులుతున్నప్పుడే చిక్కు. ఒక్కోసారి రెండూ ఎంత సరిగ్గా సమానంగా కదులుతాయంటే, బండి ఆ స్తంభం చాటునే ఉండి ఉండి ఢీకొట్టే క్షణంలో బయటపడుతుంది. హంటర్ రోడ్డులో ఆ స్కూటీ కుడినుంచే వచ్చింది.

మూడోది, ఎదురుగా వచ్చే బండి సన్నగా కనబడుతుంది. పెద్ద వస్తువు దగ్గరికొస్తుంటే పెరుగుతున్నట్టు కంటికి తెలుస్తుంది. సన్నటిది చివరిదాకా అంతే ఉండి ఒక్కసారిగా పెద్దదవుతుంది. అందుకే "ఇంకా దూరంలోనే ఉన్నాడు, తిప్పేయొచ్చు" అనుకుంటాడు కారువాడు. గూడెప్పాడ్‌లో ఆయన నన్ను నిజంగానే చూసి ఉండొచ్చు, దూరం తప్పు లెక్కేసుకున్నాడేమో. నాకైతే ఇప్పుడు ఆయన మీద కోపం లేదు. బిల్లు మీద ఉంది, దాని గురించి తర్వాత.

ఇది మన ఊరి కథే కాదు. అమెరికాలో హ్యారీ హర్ట్ అనే ఆయన బృందం లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను జరిగిన చోటికే వెళ్లి పరిశీలించి 1981లో రిపోర్టు ఇచ్చింది. బండినీ ఇంకో వాహనాన్నీ కలిపి జరిగిన ప్రమాదాల్లో మూడింట రెండు వంతులు అవతలి డ్రైవర్ దారి ఇవ్వాల్సిన చోట ఇవ్వక జరిగినవేనని తేల్చారు. వాళ్లు రోడ్డుకు కుడివైపు నడుపుతారు కాబట్టి అక్కడ ఎడమకు తిరిగే కారు ముఖ్యమైన శత్రువు. మనకు కుడికి తిరిగేది, యూటర్న్ కొట్టేది. నయీంనగర్ దగ్గర నీకు ఎదురైంది అదే. మన దేశంలో 2022లో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. వాళ్లలో 44.5 శాతం మనలాగా రెండు చక్రాల మీద పోయేవాళ్లు.

సరే, ఏం చేయాలి. కారువాడి కళ్లను నమ్మడం మానెయ్. కళ్లు నీవైపు ఉంటే నిన్ను చూసినట్టు కాదు. కారు ముందు టైరు చూడు, అది అబద్ధం చెప్పదు.

ఎలా చూడాలో చెప్తా. యూటర్న్ దగ్గర ఆగి ఉన్న కారును చూడగానే నీ చూపు బానెట్ మీదికి, ఇండికేటర్ మీదికి పోతుంది. దాన్ని కిందికి దించు. టైరు రోడ్డును ముట్టుకునే చోటు చూడు. బానెట్ అంత పెద్దది ఒక జానెడు కదిలినా దూరం నుంచి తెలియదు. చక్రం మాత్రం కదిలిందంటే వెంటనే తెలుస్తుంది, అల్లాయ్ వీల్ పుల్లలు తిరుగుతాయి కాబట్టి. స్టీరింగ్ తిప్పి పెట్టుకుని ఆగిన కారుకు టైరు ముఖం నీ వైపు తిరిగి ఉంటుంది, దాని మీది గీతలు కూడా కనబడతాయి. అలా కనబడిందా, వాడు మనసులో అప్పటికే తిరిగేశాడు. కాలు బ్రేక్ మీంచి తీయడమే తరువాయి. ఇండికేటర్ వేయకపోయినా, వేసి మర్చిపోయినా, టైరు మాత్రం పోయే దారినే చూపిస్తుంది. లారీల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. కుడి ఇండికేటర్ వేశాడంటే నేను తిరుగుతున్నా అనొచ్చు, నువ్వు దాటి పో అనొచ్చు. రెండూ చేసేవాళ్లున్నారు మన రోడ్ల మీద.

టైరు చూడటం అలవాటు కావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ముందు నీ దారిలో ఆగి ఉన్న కార్లతో మొదలుపెట్టు. తర్వాత కళ్లు వాటంతట అవే కిందికి పోతాయి.

ఫోన్ చూసుకుంటూ నడిపేవాడిని వెనక నుంచే గుర్తుపట్టొచ్చు. ముందు రోడ్డు ఖాళీగా ఉన్నా 60లో పోతున్నవాడు 40కి పడిపోతాడు. మెల్లగా డివైడర్ వైపు జరుగుతూ పోయి ఒక్కసారిగా లోపలికి లాక్కుంటాడు. సిగ్నల్ పచ్చపడినా ముందుకారుకూ వాడికీ మధ్య యాభై అడుగుల ఖాళీ. రాత్రి పూట అయితే ఇంకా సులువు, వెనక అద్దంలోంచి చూస్తే గడ్డం కింద నుంచి నీలం వెలుగు పడుతుంటుంది. ఇలాంటివాడు కనబడితే పక్కన మాత్రం ఉండకు. వెనకే కొంత దూరంలో ఉండు, లేదంటే రోడ్డు వెడల్పుగా ఉన్నచోట హారన్ కొట్టి చకచకా దాటి పో. వాడి వెనక డోర్ పక్కన, వాడి అద్దంలో కనబడని చోట, వాడి స్పీడుకే నీ స్పీడు కలుపుకుని పోవడం ఉంది చూశావూ, అదే అన్నిటికంటే ప్రమాదం. మన కుర్రాళ్లు ఎక్కువగా చేసేదీ అదే.

80లో పోయే కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. వాట్సాప్ మెసేజ్ వచ్చిందని రెండు సెకన్లు తల దించితే 44 మీటర్లు, నాలుగు ఆర్టీసీ బస్సులు వరసగా నిలబెట్టినంత దూరం, కళ్లు మూసుకుని నడిపినట్టే. నీ లెక్క కూడా వేసుకో. 60లో ఉన్నావనుకో, చూసి బ్రేక్ మీద చెయ్యి పడేలోపే దాదాపు 17 మీటర్లు. పొడి రోడ్డు మీద మంచి బ్రేక్ పడితే ఆగడానికి ఇంకో ఇరవై, ఇరవై అయిదు. మొత్తం నలభై మీటర్లు. అదే 45లో ఉంటే పాతిక మీటర్లలో ఆగుతావు. గూడెప్పాడ్‌లో నాకు కావలసింది ఆ పదిహేను మీటర్లే.

కాబట్టి యూటర్న్ పాయింటు, క్రాస్ రోడ్డు, పెట్రోల్ బంకు గేటు ఏది వస్తున్నా యాక్సిలరేటర్ వదిలేయ్. పూర్తిగా ఆగక్కరలేదు, పది పదిహేను తగ్గితే చాలు. కుడిచేతి రెండు వేళ్లు ముందు బ్రేక్ లివర్ మీద ఆనించి ఉంచు. వేళ్లు అక్కడ లేకపోతే, వెతుక్కునే లోపే ఆ మీటర్లన్నీ అయిపోతాయి. ఇంకోటి చాలామందికి తెలియదు. తిన్నగా ఎదురొచ్చే బండి కంటికి ఆనదు, పక్కకు కదిలేది మాత్రం ఆనుతుంది. అందుకే జంక్షన్‌కు వంద అడుగుల ముందు, వెనక ఎవరూ లేరని చూసుకుని, నీ లేన్‌లోనే ఎడమ నుంచి మధ్యకు మెల్లగా ఒకసారి జరుగు. పాములాగా మెలికలు తిరగమని కాదు. ఒక్కసారి, నింపాదిగా. నేను చేసి చూశాను. అప్పటిదాకా కదలబోతున్న కారు టక్కున ఆగడం ఎన్నిసార్లు చూశానో.

ఇంకోటి నీ రోజువారీ దారికి చాలా పనికొస్తుంది. జంక్షన్ దాటేటప్పుడు ఎదుటివాడికి కనబడే పెద్ద వాహనం పక్కన దాటు. కుడివైపు ఒక కారో బస్సో పోతుంటే దానికి ఎడమ పక్కన, దాని మూతికి సమానంగా దాటితే ఎదురుగా తిరిగేవాడు ఆ బస్సును చూసి ఆగుతాడు, నువ్వూ బతుకుతావు. దీనికి సరిగ్గా వ్యతిరేకంగా మనం ఏం చేస్తాం? క్రాస్ దగ్గర బస్సు మెల్లగా అయింది, సందు దొరికిందని ఎడమనుంచి దూరిపోతాం. బస్సు మెల్లగా అయిందే ఎదుటి కారుకు దారి ఇవ్వడానికి. ఆ కారువాడు బస్సును చూసుకుని తిప్పుతాడు, బస్సు చాటునుంచి నువ్వు ఊడిపడతావు. సుబేదారి, అదాలత్ దగ్గర ఆఫీసు టైంలో పది నిమిషాలు నిలబడితే నీకే కనబడుతుంది.

తలుపులు. హనుమకొండ చౌరస్తాలో, వరంగల్ జేపీఎన్ రోడ్డులో ఆపి ఉన్న కార్ల పక్క నుంచి పోతుంటే కనీసం ఒక తలుపు వెడల్పు వదులు. ఆగీ ఆగని కారు, అప్పుడే ఆరిన బ్రేక్ లైటు, వెనక సీట్లో కదులుతున్న తల, ఇవి చూస్తే తలుపు తెరుచుకుంటుందనే లెక్క. ఆటో అయితే ఏ వైపు నుంచి దిగుతారో దేవుడికే తెలియాలి. ఇక్కడ కారు నడిపే అన్నలకు కూడా ఒక మాట. దిగేటప్పుడు మీ తలుపు కుడిచేత్తో కాకుండా ఎడమచేత్తో తెరవండి. ఎడమచెయ్యి అంత దూరం చాచాలంటే ఒళ్లు తిరగాల్సిందే, ఒళ్లు తిరిగితే వెనక వచ్చేవాడు కనబడతాడు. మా ఇంట్లో పిల్లలకు కూడా అదే అలవాటు చేశాను, వాళ్లు కూర్చున్న తలుపుకు అవతలి చేత్తో.

ఇక నువ్వు అడిగిన సామాన్లు. లారీ హారన్ వద్దు. రకరకాల స్వరాలు పలికేవి, చెవులు పగిలేవి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 119వ రూలు ప్రకారం పెట్టకూడదు. దానికంటే ముఖ్యం, పనిచేయదు. అద్దాలు ఎత్తి, ఏసీ వేసి, పాటలు పెట్టుకున్నవాడికి హారన్ వినబడినా ఎటునుంచో తెలియదు. ఉలిక్కిపడి ముందు బ్రేకే వేస్తాడు, అది కూడా నీ ముందే. నీకున్న హారనే చాలు. కాకపోతే తిట్టు లాగా చివర్లో కొట్టకు, నలభై, యాభై మీటర్ల ముందు రెండుసార్లు చిన్నగా పీప్ పీప్. ఇంటి ముందు నిలబడి పిలిచినట్టు ఉండాలి.

తెల్ల ఎల్‌ఈడీ ఫోకస్ లైట్ల మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది, దాచుకోను. రాత్రి పరకాల రోడ్డులో వాటిని మొహం మీద కొట్టుకుంటూ వచ్చేవాళ్లను చూస్తే, ఆ లైట్లు బిగించిన మెకానిక్‌ను తీసుకొచ్చి ఎదురుగా నిలబెట్టాలనిపిస్తుంది. ఎదుటివాడి కళ్లు బైర్లుకమ్మితే నువ్వు ఎంత దూరంలో ఉన్నావో వాడికి ఇంకా తెలియదు. నీది 2021 మోడల్ అన్నావు కదా, 2017 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు హెడ్‌లైట్ ఆఫ్ చేసుకునే వీలు లేదు, ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. పగలు కనబడటానికి అది చాలు. హెడ్‌లైట్ అద్దం తుడిచి, లోబీమ్ మరీ పైకి కొట్టకుండా చూపించుకో. డబ్బులే ఖర్చు పెట్టాలంటే తెల్ల హెల్మెట్ కొనుక్కో. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో చేసి 2004లో ప్రచురించిన పరిశోధనలో, నల్ల హెల్మెట్ వాళ్లకంటే తెల్ల హెల్మెట్ వాళ్లకు గాయాలయ్యే ప్రమాదం దాదాపు పావు వంతు తక్కువని తేలింది. మెరిసే జాకెట్ వేసుకున్నవాళ్లకు ఇంకా తక్కువ. ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 4151 అని రాసి ఉన్నది చూసి కొను. బకిల్ పెట్టుకో. గూడెప్పాడ్‌లో నా వైజర్ మీద కుడివైపు మొత్తం తారు గీతలు. ఆ గీతలు నా చెంప మీద పడాల్సినవి.

సైలెన్సర్ చప్పుడు ఎక్కువగా వెనక్కి పోతుంది. నీకు కావలసింది ముందువాడు. పోలీసులు వాటిని రోడ్ రోలర్‌తో తొక్కించే వీడియోలు నువ్వూ చూసే ఉంటావు.

సామాన్ల కంటే బ్రేక్ నేర్చుకోవడం ముఖ్యం. వెనక టైరు జారిందని రాశావు. కంగారులో కుడికాలి బ్రేక్ మొత్తం తొక్కేశావు, అందుకే. 125 సీసీ దాటిన బండ్లకు 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్, అంటే గట్టిగా పట్టినా టైరు లాక్ కాకుండా చూసే బ్రేక్, తప్పనిసరి చేశారు, అంతకంటే చిన్నవాటికి సీబీఎస్. నీ 110 సీసీ బండికి ఉన్నది సీబీఎస్. అంటే వెనక బ్రేక్ తొక్కితే ముందు బ్రేక్ కూడా కొంత పడుతుంది, అంతే. టైరు లాక్ కాకుండా ఆపేది మాత్రం కాదు. ఆదివారం పొద్దున్నే ఖాళీగా, పొడిగా ఉన్న కాలనీ రోడ్డు చూసుకుని 30లో మొదలుపెట్టి ప్రాక్టీస్ చెయ్. ముందు బ్రేక్‌ను ఒక్కసారిగా గుంజకు, నిమ్మకాయ పిండినట్టు పిండుతూ పో. బండి ముందుకు వంగాక ఇంకా గట్టిగా పట్టొచ్చు, ఎందుకంటే అప్పుడు బరువంతా ముందు టైరు మీద ఉంటుంది. ఇరవైసార్లు చేస్తే చెయ్యి నేర్చుకుంటుంది. ఇసుక మీద, మట్టి గ్రౌండ్‌లో మాత్రం చేయకు.

సీజన్లు కూడా చూసుకోవాలి. కోతలప్పుడు రోడ్డులో సగం వడ్లే ఉంటాయి, వాటిని తప్పించడానికి ఎదురు కారు నీ సగంలోకి వస్తుంది. దాని అంచుకు పెట్టిన రాళ్లు రాత్రి కనబడవు. పత్తి, మిర్చి రోజుల్లో ఎనుమాముల వైపు డీసీఎంలు, ట్రాలీలు, వాటిని దాటే తొందరలో కార్లు. రెండేళ్లకోసారి మేడారం జాతరప్పుడు ములుగు రోడ్డు మీద నిద్రలేని డ్రైవర్లు. ఆ వారం నేను తెల్లవారుజామున ఆ రోడ్డెక్కను, పని ఉన్నా సరే.

ఇప్పుడు అద్దం మీద కొట్టిన సంగతి. నీకు నీతులు చెప్పే అర్హత నాకు లేదు. 2003లో ఫాతిమానగర్ దగ్గర ఒక కారు నన్ను ఎడమకు నొక్కేసి ఫుట్‌పాత్ ఎక్కించినంత పని చేసింది. స్ప్లెండర్ మీద ఉన్నా, రక్తం ఉడికిపోయింది. కాజీపేట చౌరస్తా దాకా వెంటబడి, అడ్డంగా బండి పెట్టి, హెల్మెట్ తీసి, తిట్టబోతూ అద్దం మీద టకటకా కొట్టాను. అద్దం దిగింది. లోపల, ఆ సాయంత్రం నేను కొత్త సిరప్ గురించి చెప్పడానికి పోవాల్సిన డాక్టర్ గారు. "ఏమయ్యా, ఇక్కడిదాకా వచ్చినవ్?" అన్నారు. నోట్లో ఉన్న బూతు మింగి, "నమస్తే సార్, సాయంత్రం క్లినిక్‌కు వస్తున్నా, ఉంటరా అని అడుగుదామని" అన్నా. ఆయన నన్ను నొక్కేసిన సంగతి ఆయనకు ఇప్పటికీ తెలియదు.

నవ్వుకో గానీ, వెంటబడినప్పుడు నువ్వు కూడా రోడ్డు చూడవు, ఆ కారునే చూస్తావు. ఆ రెండు కిలోమీటర్లలో నీకు అడ్డం వచ్చే ముసలమ్మకు నువ్వే పరాకు డ్రైవర్‌వి. పైగా అద్దం పగిలితే కేసు నీ మీదే అవుతుంది, వాడి ఫోన్ సంగతి ఎవరూ అడగరు. నంబరు గుర్తుపెట్టుకో. తాగి ఊగుతూ పోతుంటే బండి పక్కకు ఆపి 100కు ఫోన్ చెయ్. చేతిలో ఫోన్ పట్టుకుని నడపడాన్ని 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ ప్రమాదకరమైన డ్రైవింగ్‌గానే లెక్కేస్తుంది. మొదటిసారికి వెయ్యి నుంచి ఐదు వేల దాకా జరిమానా, జైలు కూడా ఉంది.

నిజంగానే ఎవడైనా గుద్దితే మాత్రం నేను చేసిన తప్పు చేయకు. నేను గూడెప్పాడ్‌లో నలుగురు పెద్దమనుషుల మాట విని, రోడ్డు మీదే ఐదు వేలు తీసుకుని సంతకం పెట్టేశాను. చెయ్యి అప్పుడు అంత నొప్పి లేదు. రాత్రికి ఎత్తలేకపోయాను. ఆపరేషన్, ప్లేటు, అన్నీ కలిపి ముప్పై ఎనిమిది వేలు నా జేబులోంచి పోయాయి. వాడి కారుకు థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉంది, అడగాల్సింది దాన్ని. అందుకే ముందు 108కి ఫోన్. బండ్లు జరిపేలోపు నంబరు ప్లేటు, టైరు గుర్తులు, రోడ్డు మొత్తం కనబడేలా ఫోటోలు. హాస్పిటల్‌లో యాక్సిడెంట్ అని రాయించు, మెట్లమీంచి పడ్డానని చెప్పకు. పోలీస్ స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ అయితేనే తర్వాత ట్రిబ్యునల్‌లో పరిహారం అడగడానికి దారి సులువవుతుంది. గాయపడ్డవాడిని హాస్పిటల్‌కు చేర్చే బాధ్యత డ్రైవర్‌కు చట్టంలోనే ఉంది. పక్కనుండి సాయం చేసినవాళ్లకు 134ఎ సెక్షన్ రక్షణ ఇస్తుంది కాబట్టి, ఎవరైనా పడితే కేసవుతుందని భయపడి నువ్వూ దాటిపోకు.

ఇక అద్దాలు. తీసేశావంటే కోపం వచ్చింది, అందుకే చివరికి పెట్టుకున్నా. పైన నేను చెప్పిన పక్కకు జరగడం, బ్రేక్ పట్టడం, ఏదైనా వెనక ఎవడున్నాడో తెలిస్తేనే చేయగలవు. ముందు కారును చూసి బ్రేక్ వేసినవాడిని వెనకనుంచి టిప్పర్ ఎక్కిన సంగతులు నీకు కొత్త కాదు. లోకల్ స్పేర్ పార్ట్స్ షాపులో జత మూడు నాలుగు వందలకు దొరుకుతుంది. కంపెనీ అద్దమే తీసుకో, గుండ్రటి ఫ్యాన్సీవి వద్దు, వాటిలో ఆకాశం తప్ప ఏమీ కనబడదు. బిగించాక బండి మీద మామూలుగా కూర్చుని చూడు. అద్దం లోపలి అంచున నీ భుజం కొంచెం కనబడాలి, మిగతాదంతా రోడ్డే. మోచేయి సగం అద్దం తినేస్తుంటే కాడ ఇంకాస్త బయటికి తిప్పు. 50 దాటాక అద్దం వణికి వెనక కారు రెండుగా కనబడితే కాడ నట్టు వదులైనట్టు, అక్కడికక్కడే 14 నంబరు స్పానర్ అడిగి బిగించేయమను.